మంచులోకి తలుపు తీయండి

వీసా వచ్చింది. టికెట్ తీశారు. ఇంట్లో రెండు పెద్ద సూట్‌కేసులు తెరుచుకున్నాయి, ఒక్కోదానికి 23 కిలోలు. ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్ సర్దాక మిగిలిన చోటంతా ఉన్నిబట్టలదే. చలికాలంలో టిబెటన్లు పెట్టే దుకాణాల్లో కొన్న స్వెట్టర్లు, నాన్న తెచ్చిన రగ్గు, అమ్మ పట్టుబట్టి కుక్కిన మంకీ క్యాప్. మినియాపొలిస్‌కో, బఫెలోకో, టొరంటోకో, విన్నిపెగ్‌కో పిల్లల్ని పంపే మన ఇళ్లలో సన్నాహం ఇలాగే సాగుతుంది. అందులో ప్రేమ ఉంది. కానీ ఆ పెట్టెల్లో పట్టని సన్నాహం ఇంకొకటుంది. అసలు అవసరం దానిది.

మంచు కురిసే ఊరికి కొత్తగా వెళ్లినవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది తలుపు వేసుకుని లోపల కూర్చుండిపోవడం. చలికి మందు ఉంది. ఈ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం. కోటు, బూట్లు, కారు, దీపం, స్నేహాలు అన్నీ ఒక్క పని కోసమే అనుకోండి: జనవరిలో కూడా రోజుకొకసారి గడప దాటడం. ఈ లక్ష్యం ముందు పెట్టుకుంటే ఏం కొనాలో, ఏం నేర్చుకోవాలో దానంతటదే తేలిపోతుంది.

ముందు అంకెలతో మొదలుపెట్టండి. మీరు వెళ్లే ఊళ్లో నెలవారీ ఉష్ణోగ్రత ఎంత, మంచు ఎంత, పగలు ఎన్ని గంటలు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మినియాపొలిస్‌లో జనవరి సగటు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది రాత్రీ పగలూ కలిపిన సగటు. మైనస్ 25 దాకా దిగే రాత్రులు దాదాపు ప్రతి చలికాలంలోనూ వస్తాయి. లంబసింగిలో సున్నా దగ్గరికి చేరిందంటే చూడటానికి మనం కార్లు కట్టుకుని వెళ్తాం. మినియాపొలిస్‌లో సున్నా వచ్చిన రోజు జనం కోటు గుండీలు విప్పుకుని నడుస్తారు. బఫెలోలో చలి కొంత తక్కువే గానీ, ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలి తేమను మోసుకొచ్చి ఏడాదికి 90 అంగుళాలకు పైగా మంచు కుమ్మరిస్తుంది. ఊరును బట్టి సన్నాహం మారుతుంది. పక్కింటివాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటున్నాడు కదా అని అతని సలహా మీద ఆధారపడితే లాభం లేదు.

అమెరికా వెళ్తుంటే ఫారెన్‌హీట్‌ను ఇప్పుడే వంటబట్టించుకోండి. "ఈరోజు 10 డిగ్రీలు" అంటే మన చెవికి అరకులో డిసెంబరు ఉదయంలా వినిపిస్తుంది. నిజానికి అది మైనస్ 12 సెల్సియస్. నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర. సున్నా ఫారెన్‌హీట్ అంటే మైనస్ 18. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ కలుస్తాయి. ఈ గుర్తులు చాలు. తర్వాత గాలి సంగతి. మైనస్ 20 ఉన్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 33లా తగులుతుంది. దీన్నే విండ్ చిల్ అంటారు. ఆ స్థాయిలో, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక బస్సు తప్పిపోయి ఇంకో బస్సు కోసం ఎదురుచూసే సమయం అది. అందుకే పొద్దున లేవగానే ఫోన్లో ఉష్ణోగ్రతతో పాటు విండ్ చిల్ కూడా చూసి, దాన్నిబట్టి బట్టలు వేసుకోవాలి.

బట్టల విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే, దళసరిగా ఉన్నదల్లా వెచ్చనిదే అనుకోవడం. వెచ్చదనం ఇచ్చేది బట్ట మధ్య చిక్కుకున్న గాలి. కాబట్టి పొరలు కావాలి. ఒంటికి అంటుకుని చెమటను పీల్చి బయటికి పంపే థర్మల్స్, వాటి మీద వెచ్చదనాన్ని పట్టి ఉంచే ఫ్లీసో, ఉన్నో, ఈకలు నింపిన జాకెట్టో, అన్నిటికీ పైన గాలీ తడీ చొరబడని కోటు. లోపలి పొరగా నూలు బనియన్ పనికిరాదు. నడకలో చెమట పడితే అది తడిసి, అలాగే తడిగా ఉండి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. మన వాతావరణంలో నూలును మించింది లేదు, అక్కడ మాత్రం దాన్ని ఇంట్లోకే పరిమితం చేయండి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్లు వెచ్చగా ఉంటాయి. చెవులు మూసే ఊలు టోపీ, మెడకు మఫ్లర్ తప్పనిసరి. అమ్మ ఇచ్చిన మంకీ క్యాప్‌ను సిగ్గుపడకుండా వాడండి. మైనస్ 20లో ముఖం కప్పుకున్నవాణ్ని చూసి అక్కడ ఎవరూ నవ్వరు, వాళ్లూ అలాగే కప్పుకుంటారు.

చేతిలో ఉన్న డబ్బు ఒకచోటే పెట్టగలిగితే బూట్ల మీద పెట్టండి. ఇందులో రెండో మాట లేదు. స్పోర్ట్స్ షూ మంచులో పది అడుగులు వేయగానే తడుస్తుంది, తడిసిన కాలితో ఎవరూ రెండోరోజు నడకకు వెళ్లరు. నీళ్లు దిగనివి, అడుగున లోతైన గాడులున్నవి, దళసరి సాక్సు వేసుకున్నాక కూడా వేళ్లు కదిలేంత చోటున్నవి తీసుకోండి. బిగువుగా ఉంటే రక్తప్రసరణ తగ్గి, ఎంత ఖరీదైన బూటైనా కాలు చల్లబడుతుంది. నడకా మారాలి. మంచు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టినచోట రోడ్డు మీద కంటికి ఆనని పల్చటి పొర ఏర్పడుతుంది. దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. దాని మీద పొడుగు అంగలు పనికిరావు. చిన్న చిన్న అడుగులు, ఒంటి బరువు ముందుకు వేసిన పాదం మీద, చేతులు జేబుల్లోంచి బయట. పడితే ఆసుపత్రి ఖర్చు బూట్ల ఖర్చుకు ఎన్నో రెట్లు.

పెద్ద కోటు, బూట్లు ఇక్కడ కొనకండి. మన దుకాణాల్లో దొరికేవి మన చలికి కుట్టినవి. ఆగస్టులో ఫాల్ సెమిస్టర్‌కు వెళ్లేవాళ్లకు మంచు పడటానికి ఇంకా సమయం ఉంటుంది. అక్కడికి వెళ్లాక, ఒక చలికాలం గడిపిన సీనియర్‌ను వెంటబెట్టుకుని కొనుక్కోండి. వాడిన వస్తువులు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో మంచి కోట్లు చవగ్గా దొరుకుతాయి. జనవరిలో స్ప్రింగ్ సెమిస్టర్‌కు వెళ్లేవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లు విమానం దిగగానే నడి చలికాలంలోకి అడుగుపెడతారు. థర్మల్స్, టోపీ, గ్లౌజులు, ఉన్నంతలో మంచి జాకెట్ చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ చేసిన పెట్టె రాకపోతే మొదటి రాత్రి వాటితోనే గట్టెక్కాలి.

ఇక అసలు సన్నాహం, ఒంటినీ మనసునూ మెల్లగా అలవాటు చేయడం. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన పిల్ల, ఎండలు మండే నేల మీద పెరిగింది. ఆమెను తీసుకెళ్లి నేరుగా హిమాలయాల మీద నిలబెట్టలేదు. మొదట భువనగిరి కొండ మీద రాళ్లెక్కడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ. ఆ తర్వాత లడఖ్ చలి. ఆ వరుసే ఆమెను శిఖరం దాకా చేర్చింది. ఒక్కో మెట్టు దగ్గర ఒళ్లూ మనసూ కొంత కొంత నేర్చుకున్నాయి. చలి దేశానికి వెళ్లేవాళ్లు ఈ క్రమాన్ని అలాగే అందిపుచ్చుకోవచ్చు, ఎవరెస్ట్ ఎక్కకుండానే.

మీ మొదటి మెట్టు ఇక్కడే, ఈ నెలలోనే ఉంది. రోజూ ఒకే వేళకు బయట నడవండి. వాన పడినా, ఎండ కాసినా మానకండి. "ఈరోజు బాగోలేదు, రేపు వెళ్దాం" అనే మాటను ఇక్కడే మానుకోవాలి, ఎందుకంటే అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా ప్రతిరోజూ ఆ మాట అనడానికి సాకు దొరుకుతుంది. సొంతంగా వండుకోవడం నేర్చుకోండి. చీకటి పడ్డాక వేడివేడి మిరియాల చారు కాచుకోగలిగినవాడు నిబ్బరంగా ఉంటాడు. దంతాల పని ఏదైనా ఉంటే చేయించుకోండి. డాక్టరును అడిగి విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. ఉత్తరాన చలికాలంలో ఎండ ఏటవాలుగా పడుతుంది, పైగా ఒళ్లంతా కప్పుకుని తిరుగుతాం. ముదురు రంగు చర్మానికి ఆ విటమిన్ తయారుచేసుకోవడానికి మరింత ఎండ కావాలి.

రెండో మెట్టు అక్కడి సెప్టెంబరు, అక్టోబరు. ఆకులు రంగు మారే ఆ రోజుల్ని ఫోటోలతో సరిపెట్టకండి, అది మీ శిక్షణ కాలం. చలి వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతుంటుంది. రోజూ బయటికి వెళ్లేవాడి ఒళ్లు దానితోపాటే అలవాటు పడుతుంది. అక్టోబరంతా గదిలో ఉండి డిసెంబరులో ఒక్కసారిగా బయటికొచ్చినవాడికి చలి రాయిలా తగులుతుంది.

చలికి సిద్ధపడినంతగా చీకటికి ఎవరూ సిద్ధపడరు. నా దృష్టిలో అతి పెద్ద లోపం ఇదే. డిసెంబరు మూడోవారంలో మినియాపొలిస్‌లో పగలు 9 గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటల పైనే. ఇంకా ఉత్తరాన ఎడ్మంటన్‌లో ఏడున్నర గంటలే. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పగానే, నిన్నటిదాకా వెలుగున్న సాయంత్రం ఒక్కరోజులో చీకటవుతుంది. అప్పుడు జరిగేది ఇది: క్లాసు నుంచి వచ్చేసరికి చీకటి. సరుకులు ఇంటికే తెప్పించుకుంటారు. స్నేహితుడు రమ్మంటే "స్నో పడుతోంది కదా" అంటారు. రాత్రంతా ఫోను, ఎందుకంటే అక్కడి రాత్రి ఇక్కడి పగలు, ఇంటివాళ్లంతా మేలుకునే ఉంటారు. పొద్దెక్కాక లేస్తారు. ఉన్న కొద్ది వెలుగూ నిద్రలో పోతుంది. కొన్ని వారాలు గడిచేసరికి చదువు మీద ధ్యాస తగ్గుతుంది, తిండి పెరుగుతుంది, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. తాను సోమరినైపోయానని ఆ పిల్లవాడు తనను తాను తిట్టుకుంటాడు. అది సోమరితనం కాదు. వెలుగు లేకపోవడం, మనుషులు లేకపోవడం కలిసి చేసిన పని.

దీనికి వైద్యంలో పేరు పెట్టింది కూడా ఒక వలస వచ్చిన మనిషే. నార్మన్ రోసెంథాల్ దక్షిణాఫ్రికా ఎండల్లో పెరిగి 1976లో మానసిక వైద్య శిక్షణకు న్యూయార్క్ వచ్చాడు. చలికాలం రాగానే తనలో ఉత్సాహం తగ్గిపోవడం, వసంతంలో మళ్లీ పుంజుకోవడం గమనించాడు. తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సహచరులతో కలిసి పరిశోధించి, 1984లో 'సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్' పేరుతో దాన్ని వివరించాడు. తన కుంగుబాటును దాచుకోకుండా, తిట్టుకోకుండా, ఎందుకని అడిగినందువల్ల లక్షలమందికి దారి దొరికింది. ఉదయాన్నే 10,000 లక్స్ వెలుగిచ్చే దీపం ఎదుట అరగంట కూర్చోవడం ఇప్పుడు వైద్యులు సూచించే చికిత్సల్లో ఒకటి. కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే విశ్వవిద్యాలయంలో కౌన్సెలర్ ఉంటారు, వెళ్లండి. ఇంట్లో చెప్పండి. జ్వరమొస్తే చెబుతాం, ఇదీ అంతే.

వెలుగు లేనిచోట కూడా మనుషులు దిటవుగా ఎలా బతుకుతున్నారో చూడాలంటే నార్వేలోని ట్రామ్సో వైపు చూడాలి. నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు పైకి రాడు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కారీ లీబోవిట్జ్ అక్కడ ఉండి, చలికాలాన్ని జనం ఏ దృష్టితో చూస్తున్నారో పరిశోధించింది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ, అంటే చలీ చీకటీ పెరిగేకొద్దీ, జనం చలికాలాన్ని ఎక్కువ ఇష్టంగా చూస్తున్నారని తేలింది. అలా చూసేవాళ్లలో జీవితం పట్ల తృప్తి కూడా ఎక్కువ కనిపించింది. 2020లో ఆ అధ్యయనం వెలువడింది. మనసు మార్చుకుంటే చలి మాయమవుతుందని దీని అర్థం కాదు. చలికాలాన్ని ఎప్పుడు పోతుందా అని రోజులు లెక్కపెట్టేవాడి కన్నా, ఇప్పుడు ఏం చేయవచ్చు అని చూసేవాడు బయటికెళ్తాడు. బయటికెళ్లినవాడికి వెలుగూ మనుషులూ రెండూ దొరుకుతాయి.

మినియాపొలిస్ పక్కనే ఉన్న సెయింట్ పాల్ నగరం ఇదే పని ఊరంతా కలిసి చేసింది. న్యూయార్క్ పత్రికా విలేఖరి ఒకరు ఆ ఊరిని మనుషులుండటానికి పనికిరాని మరో సైబీరియాగా వర్ణించినప్పుడు, ఊరివాళ్లు 1886లో మంచు దిమ్మలతో రాజప్రాసాదం కట్టి వింటర్ కార్నివాల్ మొదలుపెట్టారు. ఆ ఉత్సవం నేటికీ జనవరిలోనే, చలి ముదిరిన రోజుల్లోనే జరుగుతుంది. వెళ్లి చూడండి. స్కేటింగ్ నేర్చుకోండి, చాలా విశ్వవిద్యాలయాలు సామగ్రి అద్దెకిస్తాయి. కిందపడితే నేర్పేవాళ్లు లేపుతారు. మన సంక్రాంతి కూడా అదే నెలలో వస్తుంది. తెలుగు సంఘాలు బడి ఆడిటోరియాల్లో జరిపే సంబరాలకు చూడటానికి మాత్రమే వెళ్లకండి. కుర్చీలు వేయడానికో, వడ్డించడానికో ముందే పేరివ్వండి. మాట ఇచ్చి ఉంటే మంచు పడినా వెళ్తారు. చలికాలంలో బయటికి లాగేది సంకల్పం కన్నా ఇచ్చిన మాటే. వారానికి రెండు రోజులైనా ఎవరో ఒకరు మీకోసం ఎదురుచూసేలా పనులు పెట్టుకోండి. మీ ఇంటి ముందు మంచు ఎత్తేటప్పుడు పక్కింటి ముసలాయన వాకిట్లోదీ ఎత్తండి. ఆ పార పట్టిన పావుగంటలో పుట్టే స్నేహం ఆఫీసులో ఏడాదికీ పుట్టదు.

కూతురి పురుడు జనవరిలో పడితే అమ్మానాన్నలు చలికాలంలోనే వెళ్లాల్సి వస్తుంది. వాళ్ల గురించి కొంచెం ఎక్కువ ఆలోచించాలి. చీర లోపల వేసుకునే థర్మల్ లెగ్గింగ్స్, సులభంగా తొడుక్కునే బూట్లు, కళ్లద్దాల మీద ఆవిరి పట్టకుండా ముక్కు కింద కట్టే మఫ్లర్ సిద్ధం చేయండి. పెద్దవాళ్లతో మంచు ఎత్తించకండి. చలిలో ఆ బరువు పని గుండెకు ప్రమాదం. అలాగని ఇంట్లో బంధించకండి. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు మాల్‌కో, గ్రంథాలయానికో, గుడికో తీసుకెళ్లండి. మినియాపొలిస్ నడిబొడ్డున దాదాపు 80 బ్లాకులను కలుపుతూ స్కైవేలు ఉన్నాయి, చలి తగలకుండా మైళ్లకొద్దీ నడవొచ్చు. టొరంటోలో భూమి కింద పాత్ అనే దారులు 30 కిలోమీటర్ల మేర ఉన్నాయి. అరవై దాటిన మనిషి మూడు నెలలు కిటికీలోంచి చూస్తూ గడపడం మంచిది కాదు.

పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్లు మనకన్నా ముందే మంచులో దొర్లుతారు. మిన్నెసోటాలో చాలా బడులు విండ్ చిల్ మైనస్ 18 దాకా దిగినా విరామంలో పిల్లల్ని బయటికే పంపుతాయి. స్నో ప్యాంటు, బూట్లు, సంచిలో ఇంకో జత మిటెన్లు ఇచ్చి పంపండి. ఒక్క జాగ్రత్త: కారు సీటులో బరువైన కోటు మీద బెల్టు పెట్టకూడదు. ప్రమాదంలో కోటు నలిగి బెల్టు వదులవుతుంది. బెల్టు పెట్టాక కోటు పైన కప్పండి.

ప్రాణం మీదికి వచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి, వీటిలో సాహసం వద్దు. 2022 డిసెంబరులో అరిజోనాలో గడ్డకట్టిన వుడ్స్ కెనియన్ సరస్సు మీద నడుస్తూ, మంచు విరిగి ముగ్గురు భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. తెల్లగా గట్టిగా కనిపించేదంతా గట్టిది కాదు. నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. మందం కొలిచి తెలుసుకోవడం చేతనైన స్థానికుడు పక్కన లేకుండా చెరువు మీద కాలు పెట్టకండి. మంచులో కూరుకున్న కారు స్టార్ట్ చేసేముందు సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీయండి, లేకపోతే విషవాయువు లోపలికే వస్తుంది. దారిలో కారు ఆగిపోతే దిగి నడవకండి, కారులోనే ఉండి సాయం పిలవండి. రగ్గు, టార్చి, చార్జరు, కాస్త తిండి డిక్కీలో ఎప్పుడూ ఉండాలి. వేళ్లు తిమ్మిరెక్కి పాలిపోతే రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి, గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. మన చర్మం మీద రంగు మార్పు తొందరగా కనబడదు, కాబట్టి తిమ్మిరినే హెచ్చరికగా తీసుకోండి. మందు తాగితే వేడి పుడుతుందన్నది అబద్ధం. చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని ఒంట్లో వేడి ఇంకా తొందరగా పోతుంది.

మీరు ఇంకా బయలుదేరలేదంటే సమయం మీ చేతిలోనే ఉంది. వెళ్లే ఊళ్లో ఒక చలికాలం గడిపిన మనిషిని వెతికి పట్టుకుని, ఈ వారమే ఫోన్ చేసి గంటసేపు మాట్లాడండి. అక్కడ సాయంత్రం గడిచేసరికి మనకు మర్నాడు ఉదయం, వాళ్లకు తీరిక, మీకు తాజాదనం. ఏం కొన్నావని తర్వాత అడగొచ్చు. జనవరిలో రోజూ ఎక్కడికి వెళ్లేవాడివి, ఎవరితో వెళ్లేవాడివి అని ముందు అడగండి. ఆ జవాబు రాసుకుని, చేరిన మొదటి వారమే ఆ చోటికి వెళ్లి రండి.